చెరువు మీద పచ్చటి తెట్టు: కాచినా పోని విషం



ఎనిమిదో తరగతి సూక్ష్మజీవుల పాఠంలో బ్లూ గ్రీన్ ఆల్గే అనే మాట వస్తుంది. గాలిలోని నత్రజనిని పట్టి నేలను సారవంతం చేసే మిత్రులుగా వాటిని పిల్లలకు పరిచయం చేస్తాం. అది నిజమే. వరి మళ్లలో పెంచే అజొల్లా ఆకుల్లో ఉండేది వీటిలో ఒక రకమే. మెడికల్ షాపులో దొరికే స్పిరులినా మాత్రలు కూడా ఈ కుటుంబానివే. కానీ మనిషి కాలేయాన్ని దెబ్బతీసే విషం తయారుచేసేవి కూడా ఇదే కుటుంబంలో ఉన్నాయి. ఈ సంగతికి పాఠంలో పెద్దగా చోటు దొరకదు, పరీక్షలో అసలే రాదు. వేసవి సెలవులకు పిల్లలు అమ్మమ్మగారి ఊరు, నానమ్మగారి ఊరు వెళ్లేలోపు పెద్దవాళ్లకైనా తెలియాలని ఈ నెల దీని గురించి రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. ఆల్గే అంటారు గానీ ఇవి నాచు కాదు, బ్యాక్టీరియా. అందుకే ఇప్పుడు సయానోబ్యాక్టీరియా అంటున్నారు. చెరువులో పోగులు పోగులుగా తేలే పాచికి వీటితో సంబంధం లేదు. నీళ్లు వెచ్చగా, కదలకుండా ఉండి, ఎరువులో మురుగో కలిస్తే ఇవి కొద్ది రోజుల్లోనే విపరీతంగా పెరుగుతాయి. వీటిలో చాలా రకాలకు కణం లోపల గాలి నిండిన చిన్న చిన్న గదులుంటాయి. వాటి సాయంతో పైకి తేలి ఎండ పట్టుకుంటాయి. అప్పుడు చెరువు మీద ఎవరో ఆకుపచ్చ పెయింట్ డబ్బా ఒలకబోసినట్టు కనిపిస్తుంది. గాలి వీస్తే ఆ తెట్టంతా ఒక గట్టుకు చేరి చిక్కబడుతుంది. పిల్లలు దిగేదీ, పశువులు నీళ్లు తాగేదీ గట్టు దగ్గరే కదా.

ఇక అసలు కథకు వస్తాను. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ తీరానికి దగ్గరలో పామ్ ఐలండ్ అనే చిన్న దీవి ఉంది. అక్కడుండేది ఎక్కువగా ఆదివాసీ కుటుంబాలు. తాగునీరు సాలమన్ డ్యామ్ నుంచి వచ్చేది. 1979లో ఆ నీటిలో నాచు పెరిగిందనీ, నీళ్లు వాసనగా, రుచి తేడాగా ఉన్నాయనీ జనం చెప్పడంతో డ్యామ్‌లో కాపర్ సల్ఫేట్ కలిపారు. అంటే మన రైతులకు బాగా తెలిసిన మైలుతుత్తమే. కొద్ది రోజుల్లోనే దీవిలో పిల్లలు వరుసగా జబ్బుపడటం మొదలైంది. వాంతులు, తలనొప్పి, కాలేయం వాపు, ఆపైన రక్త విరేచనాలు, మూత్రపిండాల సమస్య. మొత్తం 148 మంది జబ్బుపడితే వారిలో 138 మంది పిల్లలే. చాలామందికి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. అదృష్టవశాత్తు అందరూ కోలుకున్నారు.

ఇదేం జబ్బో మొదట ఎవరికీ అంతుపట్టలేదు. దాన్ని 'పామ్ ఐలండ్ వింత జబ్బు' అన్నారు. తర్వాత పరిశోధకులు జబ్బుపడ్డ ఇళ్లకు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూశారు. అన్నిటికీ ఆ డ్యామ్ నీళ్లే. ఆ డ్యామ్‌లో పెరిగే ఒక సయానోబ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి పరీక్షిస్తే ఎలుకల కాలేయం దెబ్బతింది. 1992లో ఆ విషాన్ని విడదీసి సిలిండ్రోస్పర్మాప్సిన్ అని పేరు పెట్టారు. మైలుతుత్తం వల్లే జబ్బు వచ్చిందని వాదించినవారు లేకపోలేదు గానీ, ఎక్కువమంది శాస్త్రవేత్తలు ఒప్పుకున్న వివరణ ఇది: మందు పడగానే ఆ కణాలన్నీ ఒక్కసారిగా పగిలాయి, లోపలున్న విషం నీటిలో కలిసిపోయింది. కణంలో ఉన్నంతసేపు విషాన్ని వడకట్టి తీసేయొచ్చు. నీటిలో కరిగాక మామూలు వడపోతకు అది దొరకదు.

మన ఇళ్లలో నీళ్లకు సంబంధించిన అలవాట్లన్నీ ఇక్కడే బోల్తా పడతాయి. నీళ్లు బాగోలేవు అనగానే మనం చేసే మొదటి పని కాచి చల్లార్చడం. టైఫాయిడ్, కలరా, విరేచనాల క్రిముల విషయంలో అది నూటికి నూరుపాళ్లు సరైన పని. దయచేసి మానకండి. కానీ ఇక్కడ మన శత్రువు క్రిమి కాదు, క్రిమి వదిలిన రసాయనం. ఈ విషాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే మైక్రోసిస్టిన్‌నే తీసుకుందాం. అందులో ఏడు అమైనో ఆమ్లాలు ఉంగరంలా ఒకదానికొకటి పట్టుకుని ఉంటాయి. మరిగే నీటి వేడికి ఆ ఉంగరం విడిపోదు. పైగా మరిగేకొద్దీ నీరు ఆవిరై పోతుంది, విషం గిన్నెలోనే మిగిలి ఇంకా చిక్కబడుతుంది.

అమెరికాలో ఉన్న మన బంధువుల్లో కొందరికి ఇది గుర్తుండొచ్చు. 2014 ఆగస్టు 2న, శనివారం తెల్లవారుజామున, ఒహాయో రాష్ట్రంలోని టొలీడో నగరం 'కుళాయి నీళ్లు తాగొద్దు, కాచి కూడా తాగొద్దు' అని ప్రకటించింది. ఈరీ సరస్సులో పెరిగిన మైక్రోసిస్టిస్ తెట్టు, నగరానికి నీళ్లు తోడే చోటికి చేరింది. శుద్ధి చేసిన నీటిలో కూడా విషం పరిమితి దాటి కనిపించింది. సుమారు 4 లక్షల మంది మూడు రోజులు బాటిల్ నీళ్లతో గడిపారు. తాగునీటిలో మైక్రోసిస్టిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1 మైక్రోగ్రాము. అదెంతో ఊహకు అందాలంటే, 5,000 లీటర్ల ట్యాంకర్లు 200 వరుసగా నిలబెట్టి వాటన్నిటిలో కలిపి ఒక్క గ్రాము వేస్తే ఎంతో అంత!

క్యాండిల్ ఫిల్టర్ ఆపుతుందా అంటే, కణాలను ఆపుతుంది, కరిగిన విషాన్ని ఆపదు. యూవీ ఒక్కటే ఉన్న ప్యూరిఫయర్ కూడా చాలదు. ఆర్‌వో పొర చాలావరకు ఆపుతుంది. నీటి శుద్ధి కేంద్రాల్లో యాక్టివేటెడ్ కార్బన్ పొడి కలిపి ఈ విషాన్ని పట్టిస్తారు. ఎవరూ కంగారు పడక్కర్లేదు. హైదరాబాద్ కుళాయిల్లో వచ్చేది కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు. ఎండాకాలంలో పచ్చబడి, ట్యాంక్‌బండ్ మీద నడిచేవాళ్లను ముక్కు మూసుకునేలా చేసే హుస్సేన్ సాగర్ నీళ్లు కావు.

మరి ఇవి ఎందుకింతగా పెరుగుతున్నాయి? దీనికి జవాబు చెప్పిన ప్రయోగాన్ని నేను పెద్ద క్లాసులకు తప్పకుండా చెబుతాను. 1973లో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త బృందం కెనడాలో ఒక చిన్న సరస్సును మధ్యలో తెర కట్టి రెండు భాగాలు చేసింది. ఒకవైపు కార్బన్, నత్రజని వేశారు. రెండోవైపు ఆ రెండింటితో పాటు భాస్వరం కూడా వేశారు. కొన్ని వారాలకు భాస్వరం వేసిన భాగం చిక్కటి ఆకుపచ్చగా మారింది, తెరకు అవతలి భాగం మామూలుగానే ఉంది. విమానం నుంచి తీసిన ఆ ఫొటో చూపిస్తే పిల్లలకు ఇక వేరే వివరణ అక్కర్లేదు. నత్రజని తక్కువైతే వీటిలో కొన్ని గాలి నుంచే తీసుకోగలవు (పాఠంలో మెచ్చుకున్న గుణం ఇదే!). భాస్వరం మాత్రం బయటి నుంచే రావాలి. అది మన ఇళ్ల మురుగు నుంచి, పొలాల్లో మిగిలిన డీఏపీ నుంచి, కొన్ని డిటర్జెంట్ల నుంచి వస్తుంది.

చేపల చెరువులున్న కుటుంబాలకు దీని ఇంకో ముఖం తెలుసు. పగలంతా ఆక్సిజన్ ఇచ్చే ఈ పచ్చదనమే రాత్రిపూట ఆక్సిజన్ వాడేసుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి, ఏరేటర్లు వేయాల్సి వస్తుంది. పచ్చదనం పోవాలని ఎవరైనా మైలుతుత్తం వేస్తే, ఆ నీళ్లను పశువులకు గానీ, ఇంటి వాడకానికి గానీ వెంటనే ఇవ్వకండి. కారణం పైన చెప్పాను.

పిల్లల విషయానికొస్తే, ఆటలో వాళ్లు పెద్దవాళ్లకంటే ఎక్కువ నీళ్లు మింగుతారు, బరువేమో తక్కువ. నీళ్లు పచ్చగా పెయింట్‌లా కనిపిస్తే దిగనివ్వొద్దు, కుక్కను కూడా దింపొద్దు. తెట్టు మీద తిరిగిన కుక్క ఒళ్లు నాక్కుని విషం మింగుతుంది. పొరపాటున దిగితే వెంటనే మంచినీళ్లతో స్నానం చేయించండి. తర్వాత దద్దుర్లు, వాంతులు, విరేచనాలు కనిపిస్తే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి 'పచ్చటి చెరువులో దిగాడు' అని మీరే చెప్పండి. చాలాచోట్ల వాళ్లు ఆ ప్రశ్న అడగరు.

చివరగా ఒక చిన్న పరీక్ష. ఇది పెద్దవాళ్లు గ్లవ్స్ వేసుకుని చేయాల్సింది, పిల్లలు చూసి రాసుకోవచ్చు. గాజు సీసాను ముప్పాతిక వంతు చెరువు నీళ్లతో నింపి, మూతపెట్టి, కదపకుండా ఒక రాత్రి ఉంచండి. పచ్చదనం పైకి తేలి తెట్టు కడితే అవి సయానోబ్యాక్టీరియా కావచ్చు. అడుగున చేరితే వేరే నాచు కావచ్చు. విషం ఉందో లేదో మాత్రం ఇది చెప్పదు, దానికి ల్యాబ్ పరీక్షే కావాలి. సెలవుల తర్వాత ఆ సీసా ఫొటో సైన్స్ టీచర్‌కు చూపించమనండి. నీళ్లు మాత్రం బ్యాగులో పెట్టి పంపకండి.