పందెం కారు యాడుందో చెప్పే పెట్టె



2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల పందెం జరిగింది. ఒక చుట్టు సుమారు 2.8 కిలోమీటర్లు. కార్ల పందేలు నేర్చుకునేవాళ్లకు ఏ మలుపులో ఆలస్యమైందో తెలియాలంటే జ్ఞాపకం చాలదు. అందుకే చానామంది కారులో జి.పి.ఎస్. రిసీవర్ పెట్టుకుంటారు.

ఉపగ్రహాలు టైము చెప్తూ సంకేతాలు పంపుతాయి. అవి చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి రిసీవర్ దూరం లెక్క కడుతుంది. కనీసం 4 ఉపగ్రహాలు అందాలి.

బిగించే పద్ధతి:
1. యాంటెన్నాను కారు పైకప్పు నడుమ, ఆకాశం కనబడేట్టు పెట్టాలి. ఇనుప రేకు కింద పెడితే సంకేతం అందదు.
2. కదలకుండా బిగించాలి.
3. ఉపగ్రహాలు అందేదాకా ఆరుబయట ఆగి, తర్వాతే బయలుదేరాలి.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. గంటకు 180 కిలోమీటర్లంటే సెకనుకు 50 మీటర్లు. రిసీవర్ సెకనుకు ఒక్కసారే రాసుకుంటే నడుమ మలుపే కనబడకుండా పోతుంది. 10 సార్లు రాస్తే 5 మీటర్లకొక గుర్తు పడుతుంది. రెండు చుట్లను కంప్యూటర్లో పక్కపక్కన పెడితే వేగం యాడ తగ్గిందో తెలిసిపోతుంది.

మన తండాలో రాత్రిపూట కాన్పు నొప్పులొస్తే, 108 బండి యాడుందో చెప్పేది కూడా ఇట్లాంటి రిసీవరే. నిమిషం విలువ అప్పుడు తెలుస్తుంది. అందుకే ఈ లెక్క మనమూ నేర్చుకుందాం.

— 9వ తరగతి విద్యార్థిని