బోదకాలు రోగులు: మందు ఉచితము, పరిచర్య ఎవరి ఖర్చు?

బోదకాలు ప్రాణము తీయు వ్యాధి కాదు. బ్రతుకుదెరువును తీయు వ్యాధి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములకు ఇది క్రొత్త గాదు. మురుగునీట పెరుగు క్యూలెక్సు దోమ దీనిని వ్యాపింపజేయును. దీని క్రిమిపై పనిచేయు డై ఇథైల్ కార్బమజైను అను ఔషధమును 1947లో అమెరికాయందు లోకమున కందించిన పరిశోధకబృందమునకు నాయకుడు మన యల్లాప్రగడ సుబ్బారావుగారే. ఆ మాత్రను వ్యాధిగల జిల్లాలలో ప్రభుత్వము ఉచితముగా పంచుచు వచ్చినది.

అయితే క్రిమి నశించినను, శోషరసనాళములు చెడి గట్టిపడిన కాలు పూర్వస్థితికి రాదు. దానికి వలసినది నిత్యపరిచర్య: సబ్బుతో కడుగుట, వ్రేళ్లసందులు తడిలేకుండ తుడుచుట, పుండ్లకు లేపనము, వ్యాయామము, బిగుతుకట్టు. ఇది ఆసుపత్రిలో పరుండి పొందు చికిత్స కాదు. వచ్చిపోవుచు నేర్చుకొని, జీవితాంతము ఇంట సాగింపవలసినది.

చిక్కంతయు ఇచటనే యున్నది. ఒక్కొక్క రోగికి కట్టు కట్టి నేర్పుటకు పట్టు కాలమునకు రుసుము ఎవరిత్తురు? 2018లో వెలసిన ఆయుష్మాన్ భారత్ బీమా కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయలవరకు భరించును గాని, ఆసుపత్రిలో చేరినవారికే. కావున ఈ సేవకు పూనుకొను వైద్యశాలకు శ్రమయే గాని రాబడి లేదు. రోగి సంగతియో? వేయింటికింతయని బీడీలు చుట్టు కోరుట్ల స్త్రీకిని, మరమగ్గముపై నేసిన బట్టకొలది కూలి పొందు సిరిసిల్ల కార్మికునికిని ఆసుపత్రికి పోయిన దినము కూలిలేని దినము. బిగువు సడలిన కట్టును మరల కొనవలయును. సంపన్నమైన అమెరికాలో సహితము వృద్ధుల ప్రభుత్వ బీమా ఈ బిగుతు తొడుగుల వ్యయమును 2024 జనవరి నుండియే భరింప మొదలిడినది!

తెలంగాణ ప్రభుత్వము 2018లో ఈ రోగులకు నెలకు 1,000 రూపాయల భృతి నేర్పరచి, 2019లో 2,016కు పెంచెను. ఇది శ్లాఘనీయము. కాని భృతి ఆకలికి చాలవచ్చును. పరిచర్యకు ప్రత్యామ్నాయము కాజాలదు. కడుగుట నేర్పువారు లేనిచో జ్వరము, వాపు మరల మరల వచ్చి పనిదినములను మ్రింగును.

ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున వారమున కొకదినము శిక్షితురాలగు నర్సు ఈ పనికే యుండవలయును. ఆమె వేతనమును, కట్టుల వెలయు మాత్రల వ్యయముతోపాటు ప్రభుత్వ లెక్కలలో చేరవలయును. 2027 నాటికి వ్యాధిని నిర్మూలింప భారతప్రభుత్వము సంకల్పించినది. నిర్మూలన ప్రకటితమైన మరునాడు మాత్రల ఖర్చు తగ్గును. వాచిన కాళ్లు మాత్రము మిగిలియే యుండును. వారిని ఆనాడు ఎవరు చూతురో నేడే నిర్ణయింపవలదా?