కలిమి వలస – లేమి వలస

పల్లెవాసులు పట్టణములకు ఏల పోవుచున్నారని అడిగినచో, పట్టణపు తళుకులకు లోబడి పోవుచున్నారని పలువురు చెప్పుదురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని తెలుగునాట ఆ బాట వెంట రెండు విధములగు జనులు నడచిరి. కొందరు కలిమితో పోయిరి. కొందరు లేమితో పోయిరి.

1852లో ధవళేశ్వరమువద్ద గోదావరికిని, 1855లో బెజవాడవద్ద కృష్ణకును ఆనకట్టలు ఏర్పడెను. వాననే నమ్ముకొన్న నేలలకు కాలువనీరు వచ్చెను. పంట తిండికి పోను మిగిలెను. ఆ మిగులే క్రమముగా బియ్యపు మిల్లులుగా, పిల్లల చదువులుగా, మదరాసులో చలనచిత్రములుగా మారెను. ఆ డెల్టా భూస్వామి బిడ్డ పట్టణము చేరునాటికి చేతిలో చదువో, పెట్టుబడియో ఉండెను. ఊరిలో పొలము కౌలుకు నడచుచుండెను.

పాలమూరు కథ వేరు. కృష్ణాతుంగభద్రలు ఈ పూర్వపు మహబూబునగరము జిల్లాను ఒరసికొని పారినను, మెట్టపొలములు ఎత్తున నుండుటచే ఆ నీరు వానికి అందలేదు. వాన తప్పినచో చెరువెండును. చెరువెండినచో అప్పు పెరుగును. అప్పు పెరిగినచో మేస్త్రీ గుమ్మములోనికి వచ్చును. అతడు ముందుగా అడ్వాన్సిచ్చి ఆలుమగలను దూరదేశమునకు తీసికొనిపోవును. అది తీరువరకు వారు పని విడిచి రాజాలరు. ఇంట ముసలివారును, పసివారును మిగులుదురు. దేశమున ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసినవారు పాలమూరు కూలీలు. బొంబాయి, హైదరాబాదు మేడలకు రాళ్లెత్తినవారును వారే. తమ చేనికి మాత్రము తడి లేకపోయెను.

2011 జనాభా లెక్కలలో తెలంగాణ ప్రాంతమున నూటికి సుమారు 39 మంది పట్టణవాసులు. వారిలో ఎవరు ఇష్టపడి వచ్చిరో, ఎవరు విధిలేక వచ్చిరో ఆ అంకె చెప్పదు.

ఇటీవల కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల పథకములు కృష్ణనీటిని పైకి తెచ్చిన పిమ్మట, నీరందిన ఊళ్లకు కొందరు తిరిగివచ్చిరి. పట్టణపు తళుకులే వారిని లాగియుండినచో, ఒక కాలువ వారిని వెనుకకు రప్పింపగలిగెడిదా?

కావున పల్లెజనుని పట్టణమోహమును నిందించుటకు ముందు, వాని చేనికి నీరు, బిడ్డకు బడి, చేతికి ఏడాది పొడవునా పని కలవాయని విచారింపవలెను. అవి యుండియు పోవువాడు తన యిష్టముననే పోవును. అట్టి ప్రయాణమునకు ఎవరును చింతింప నక్కరలేదు.