చెక్క విమానం – పాత కాగితాలు



విమానం అనగానే మనకు అల్యూమినియం రేకు గుర్తొస్తుంది. కాని రెండో ప్రపంచ యుద్ధంలో చెక్కతో చేసిన ఒక యుద్ధ విమానం గంటకు 600 కిలోమీటర్లకు పైగా వేగంతో ఎగిరింది. దాని పేరు మస్కిటో, అంటే దోమ. ఇంగ్లండులోని డి హావిలాండ్ కంపెనీ దాన్ని తయారుచేసింది. 1940 నవంబరు 25న మొదటిసారి ఎగిరింది. మొత్తం 7,781 చేశారు. అయితే ఈ వ్యాసంలో నేను దాని యుద్ధాల గురించి రాయడం లేదు. దాని కాగితాల సంగతి చెప్పదలచాను. నాకైతే ఆ కథే ఎక్కువ నచ్చింది.

ముందు చెక్క పని తెలియాలి. యుద్ధకాలంలో అల్యూమినియానికి కరువొచ్చింది, వడ్రంగులకు మాత్రం కరువు లేదు. కుర్చీలు, బల్లలు, పియానోలు చేసే కార్ఖానాలకు విమానం భాగాలు చేసే పని ఇచ్చారు. బాల్సా అని బెండులాంటి తేలిక చెక్క ఉంది. దాన్ని మధ్యలో పెట్టి, పైనా కిందా బిర్చి చెట్టు పలకలు జిగురుతో అతికించేవారు. చిక్కుడుకాయను నిలువునా చీల్చినట్టు విమానం మొండెం రెండు సగాలుగా అచ్చుల మీద తయారయ్యేది. లోపల తీగలు, గొట్టాలు బిగించాక రెండు సగాలూ కలిపి అతికించేవారు.

మరి అలాంటిది ఇప్పుడు మళ్లీ చెయ్యాలంటే ఎలా? పాతదాన్ని చూసి కొలతలు తీసుకోవచ్చు కదా అంటారు. అది కుదరదు. రేకు సొట్టపడినా ఆకారం కొంత మిగులుతుంది. చెక్క తడిసి, పుచ్చి, జిగురు ఊడితే ఇంకేం మిగులుతుంది? ఏ పలక ఎంత మందం, చెక్క గీతలు ఏ వాలుగా ఉండాలి, ఇవన్నీ గీసిన కాగితం ఉంటేనే తెలుస్తాయి.

బ్రిటన్‌లో ఎగురుతూ మిగిలిన ఒకే ఒక్క మస్కిటో 1996 జులై 21న మాంచెస్టర్ దగ్గర ప్రదర్శనలో కూలిపోయి, అందులోని ఇద్దరూ చనిపోయారు. తర్వాత పీపుల్స్ మస్కిటో అనే సేవాసంస్థ, 1949లో కూలిన మరో మస్కిటో శకలాలు తీసుకొని దాన్ని తిరిగి నిలబెట్టాలని పూనుకుంది. కావలసిన కాగితాలు 2017లో దొరికాయి. వేల్స్‌లో బ్రోటన్ అనే చోట ఎయిర్‌బస్ కార్ఖానా ఉంది. ఒకప్పుడు అది డి హావిలాండ్ వాళ్లది. అక్కడ కూలగొట్టబోతున్న ఒక భవనంలో 20 వేలకు పైగా మస్కిటో బొమ్మలు బయటపడ్డాయి! తయారుకాకుండా ఆగిపోయిన రకాల బొమ్మలు కూడా అందులో ఉన్నాయి. ఎవరూ చూడకుండా భవనం కూల్చేసుంటే ఏమయ్యేదో మీరే ఆలోచించండి. ఎయిర్‌బస్ వాటిని ఆ సంస్థకు ఇచ్చేసింది.

అవి పెద్ద కాగితాలు కావు. పోస్టుకార్డు కంటే కాస్త పొడవైన అట్టలు. ఒక్కో అట్టకు చిన్న కిటికీ, అందులో ఫిల్ము ముక్క. వెలుతురుకు పట్టి చూస్తే బల్లంత బొమ్మ గోరంతగా కనిపిస్తుంది. ఇలాంటివాటిని కంప్యూటరులోకి ఎక్కించాలంటే వెనక దీపం వెలిగించి, ఒక్కొక్కటీ ఫోటో తీసి, బొమ్మ నంబరుతో దాచాలి. నంబరు తప్పితే 20 వేలల్లో వెతకడం ఎవరి తరం? పుస్తకాలైతే ఇంకో తంటా. మడతలు పెట్టిన పెద్ద పటాలుంటాయి. వాటిని విప్పకుండా ఫోటో తీస్తే సగం పటం పోయినట్టే.

ఏ తేదీ కాగితమో కూడా చూసుకోవాలి. దీనికి మన దేశంలోనే ఉదాహరణ ఉంది. 1944లో ఇటువైపు వచ్చిన మస్కిటోలు కొన్ని గాలిలోనే రెక్క విరిగి కూలాయి. మొదట మన ఎండకు, వానకు జిగురు ఆగలేదన్నారు. అతుకులు సరిగా కుదర్చలేదని కూడా తేలింది. రెక్క అతుకు పొడవునా ప్లైవుడ్ పట్టీ వెయ్యమని 638 నంబరు మార్పు వచ్చింది. అంతకుముందు గీసిన బొమ్మలో ఆ పట్టీ ఉండదు కదా. అందుకే పాత కాగితం, కొత్త కాగితం రెండూ దాచాలి, ఏది ఏదో రాసిపెట్టాలి.

ఇవి నలుగురికీ పంచవచ్చా అని మీకు సందేహం రావచ్చు. అప్పట్లో ఇలాంటి పుస్తకాలు అందరికీ ఇచ్చేవారు కాదు. బ్రిటిష్ ప్రభుత్వం అచ్చువేసినవాటికి 50 ఏళ్లకు హక్కు తీరిపోతుంది. అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు రాసినవాటికి ఆ దేశంలో అసలు కాపీ హక్కే లేదు. కంపెనీ గీసిన బొమ్మల సంగతి వేరు, వాటికి అడిగి తీరాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత విమానాల పుస్తకాలు చాలా ఉచితంగా దొరుకుతాయి. పైలట్ల కోసం రాసిన చిన్న పుస్తకాలు చూడండి. రెండు ఇంజన్లలో ఒకటి ఆగితే ఏ మీట ముందు, ఏ మీట తర్వాత అని వరసగా ఉంటుంది. ఇంగ్లీషు కూడా కష్టంగా ఉండదు.

– 9వ తరగతి విద్యార్థి