'కెనాల్', 'ఛానల్' – తెలుగు 'కాలువ': అర్థభేద పరిశీలన

ఆంగ్లంలోని 'కెనాల్', 'ఛానల్' పదాలు రెండింటికీ మూలం గొట్టం, నీటి తూము అనే అర్థాలు గల లాటిన్ పదం 'కనాలిస్'. పాత ఫ్రెంచి ద్వారా 'ఛానల్' ముందుగా ఆంగ్లంలో చేరగా, 'కెనాల్' ఆ తర్వాత ప్రవేశించింది. ఒకే మూలం నుండి వేర్వేరు కాలాల్లో వచ్చిన ఇటువంటి జంట పదాలు క్రమంగా అర్థాన్ని పంచుకోవడం భాషల్లో సాధారణం. సేద్యానికో, నౌకాయానానికో మనుషులు తవ్వినది కెనాల్. నీరు పారే మార్గం ఏదైనా ఛానల్. అది సహజమైనదీ కావచ్చు, తవ్వినదీ కావచ్చు. సూయజ్‌లోనిది కెనాల్ కాగా, ఇంగ్లండు ఫ్రాన్సుల నడుమ ఉన్న సముద్రభాగం ఛానల్. కాబట్టి ఇవి పరస్పర విరుద్ధ పదాలు కావు. రెండవదాని పరిధి విస్తృతం.

ఈ భేదాన్ని విస్మరిస్తే ఏమవుతుందో ఖగోళశాస్త్ర చరిత్ర చెబుతుంది. 1877లో ఇటలీ శాస్త్రజ్ఞుడు షియాపరెల్లి అంగారకునిపై తాను చూసిన గీతలను 'కనాలి' అన్నాడు. ఇటాలియన్‌లో ఆ మాటకు రెండర్థాలూ ఉన్నాయి. ఆంగ్లంలో అది 'కెనాల్స్'గా మారింది. తవ్వినవే అయితే తవ్వినవారూ ఉండాలి కదా! పెర్సివల్ లోవెల్ అక్కడ బుద్ధిజీవులున్నారని వాదించడానికి ఆ మాట తోడ్పడింది.

తెలుగులో సరిహద్దు వేరుగా ఉంది. సహజ ప్రవాహానికి వాగు, వంక, ఒర్రె. నది చీలితే పాయ. తవ్వినదానికి ప్రధానంగా కాలువ. సంస్కృతంలోనూ 'కుల్య'ను అమరకోశం చిన్నదైన కృత్రిమ నదిగానే నిర్వచించింది. జగిత్యాల, కోరుట్ల, బుగ్గారం ప్రాంతాల రైతు వాగును కాలువ అనడు. చెరువులోకి నీటిని మళ్లించేది కట్టుకాలువ, పొలానికి చేర్చేది పిల్లకాలువ. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు నీటిని ఈ జిల్లాకు తెచ్చేది కాకతీయ కాలువ. ఇవన్నీ మనిషి తవ్వినవే.

అందువల్ల 'కెనాల్'కు కాలువ సరిపోతుంది, చిక్కంతా 'ఛానల్'తోనే. చెరువుల పునరుద్ధరణ నివేదికల్లోని 'ఫీడర్ ఛానల్'కు కట్టుకాలువ చక్కని సమానార్థకం. భూగోళశాస్త్రంలోని 'రివర్ ఛానల్'ను 'నదీ కాలువ' అంటే మాత్రం అర్థం తలకిందులవుతుంది. దానిని నదీమార్గం అనాలి. డెల్టాలో చీలిన ఛానళ్లకు గౌతమి, వసిష్ఠల విషయంలో మనం ఎప్పటినుండో వాడుతున్న 'పాయ' ఉండనే ఉంది.

మరింత ఇబ్బందికరమైనది 'ఫ్లడ్ ఛానల్'. నది పొంగినప్పుడు మాత్రమే నీరు పారే సహజమార్గాన్ని సూచించే ఈ మాటను పరిశోధకుడు 'వరద కాలువ'గా అనువదించాడనుకుందాం. జగిత్యాల పాఠకునికి స్ఫురించేది శ్రీరాంసాగర్ మిగులు జలాలను మధ్య మానేరుకు తరలించడానికి తవ్విన కాలువ. అక్కడి వాడుకలో అది ఒక నిర్దిష్ట నిర్మాణం పేరు. సహజమార్గానికి 'వరద పాయ' అంటే ఆ గందరగోళం ఉండదు.