స్పామ్ జల్లెడ: పొల్లు పోవాలి, గింజ పోకూడదు

స్కాలర్‌షిప్ దరఖాస్తుకైనా, కౌన్సెలింగ్‌కైనా, పటాన్‌చెరు కంపెనీల్లో ఉద్యోగానికైనా నేడు ఈ-మెయిల్ చిరునామా అడుగుతున్నారు. కావున మన ఉత్తరం మనదాకా చేరడం చిన్న విషయం కాదు. ఆ ఉత్తరాన్ని మోసే ఇంటర్నెట్ కంపెనీ, తన సర్వర్ వాకిట్లో ఎలాంటి జల్లెడ పెట్టుకోవాలో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

స్పామ్ అంటే?

మనం అడగకుండా గుంపులు గుంపులుగా వచ్చిపడే ఉత్తరాలే స్పామ్. 1978 మే 3న అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థూర్క్, ఆర్పానెట్ అనే నెట్‌వర్క్‌లో సుమారు 400 మందికి తమ కంప్యూటర్ల ప్రకటన పంపాడు. దీన్నే మొదటి స్పామ్‌గా చెబుతారు. మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ ఇవ్వడం ప్రారంభించింది. 1998లో ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచారు. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే మొదట రంగంలోకి దిగిన వాటిలో ఒకటి. ఖాతాదారులు పెరిగిన కొద్దీ చెత్త ఉత్తరాలూ పెరిగాయి.

స్పామ్ పంపేవాడికి ఖర్చు దాదాపు సున్నా. దాన్ని మోసే కంపెనీకి మాత్రం డిస్కు, లైను, మనిషి శ్రమ అన్నీ ఖర్చే. లక్ష మందిలో ఇద్దరు మోసపోయినా పంపినవాడికి లాభమే. అందుకే ఇది ఆగదు.

నాలుగు జల్లెడలు

మొదటిది, గుమ్మం దగ్గరి తనిఖీ. స్పామ్ పంపే కంప్యూటర్ల ఐపీ చిరునామాల జాబితాలు ఉంటాయి. 1998లో మొదలైన స్పామ్‌హౌస్ వీటిలో పేరున్నది. ఉత్తరం తెరవకుండానే ఇక్కడ చాలా చెత్త ఆగిపోతుంది.

రెండవది, గ్రేలిస్టింగ్. 2003లో వచ్చిన పద్ధతి. కొత్తగా వచ్చిన సర్వర్‌తో "కాసేపాగి మళ్ళీ రా" అంటారు. నిజమైన సర్వర్ మళ్ళీ వస్తుంది, తొందరలో ఉన్న స్పామ్ ప్రోగ్రాములు చాలావరకు రావు. అయితే ఓటీపీ వంటి అత్యవసర ఉత్తరాలు కూడా ఆలస్యమవుతాయి.

మూడవది, పంపినవారి గుర్తింపు. ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ అనే మూడు పద్ధతులు ఉత్తరం నిజంగా ఆ సంస్థ నుండే వచ్చిందా అని చూస్తాయి. రోజుకు 5,000కు మించి జీమెయిల్ ఖాతాలకు ఉత్తరాలు పంపేవారికి గూగుల్ 2024 ఫిబ్రవరి నుండి ఈ మూడింటినీ తప్పనిసరి చేసింది.

నాలుగవది, లోపలి మాటల పరీక్ష. 2001లో వచ్చిన స్పామ్‌అసాసిన్ ఒక్కో అనుమానానికి కొన్ని మార్కులు వేస్తుంది. మొత్తం 5 లేదా అంతకు మించి వస్తే స్పామ్‌గా గుర్తిస్తుంది. ఈ గీతను కంపెనీ మార్చుకోవచ్చు. దీనితోపాటు బేయెస్ సంభావ్యతా సూత్రం కూడా వాడతారు. ఏ మాట చెత్తలో ఎన్నిసార్లు, మంచిలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కగట్టి తీర్పు చెప్పడమే దాని సారం. 2002లో పాల్ గ్రాహం రాసిన వ్యాసంతో ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది.

ఏది ఎంచుకోవాలి?

అమ్మేవాళ్ళు "మాది 99 శాతం స్పామ్ పడుతుంది" అంటారు. అది ఒక్కటే చూస్తే చాలదు. ఒక లెక్క వేద్దాం. రోజుకు 10,000 ఉత్తరాలు వస్తాయనుకోండి. అందులో 7,000 చెత్త, 3,000 మంచివి. మొదటి జల్లెడ 99 శాతం చెత్తను పడుతుంది, కానీ మంచి ఉత్తరాల్లో 1 శాతం పారేస్తుంది. రెండవది 96 శాతమే పడుతుంది, మంచివాటిలో 0.1 శాతమే పోగొడుతుంది.

మొదటిదానిలో 70 చెత్త ఉత్తరాలు లోపలికి వస్తాయి, 30 మంచివి పోతాయి. రెండవదానిలో 280 చెత్త వస్తాయి, 3 మంచివి పోతాయి. చెత్తను చేత్తో తుడిచేయవచ్చు. ఆ 30లో ఒకటి మన తమ్ముడి ఇంటర్వ్యూ పిలుపు అయితే, తేదీ దాటాక ఎవరూ తెచ్చివ్వలేరు. కావున రెండవదే మేలు.

మరికొన్ని విషయాలు కూడా చూడాలి.

ఖర్చు: స్పామ్‌అసాసిన్, ఆర్‌స్పామ్‌డీ ఉచితం. కానీ వాటిని రోజూ చూసుకునే మనిషి కావాలి. బయటి సేవ కొంటే ఆ శ్రమ తగ్గుతుంది. అయితే డబ్బు ఏటా కట్టాలి, ఖాతాదారుల ఉత్తరాలు వేరేవారి చేతుల మీదుగా పోతాయి.

భాష: ఇంగ్లీషు ఉత్తరాలతో మాత్రమే నేర్పిన జల్లెడకు తెలుగు తెలియదు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే మరీ తికమకపడుతుంది. సొంత ఖాతాదారుల సమ్మతితో ఇక్కడి ఉత్తరాలతోనే నేర్పించాలి.

పద్ధతి: అనుమానమున్న ఉత్తరాన్ని చప్పుడు లేకుండా పారేయకూడదు. స్పామ్ ఫోల్డర్‌లో పెట్టాలి, లేదా పంపినవారికి తెలిసేలా తిప్పి పంపాలి. కొనేముందు కొన్ని వారాలు గుర్తు మాత్రమే వేయించి, తప్పులు లెక్కబెట్టాలి.

బయటికి పోయేవి: ఒక్క ఖాతాదారుడి కంప్యూటర్‌కు వైరస్ సోకి స్పామ్ పంపితే, ఆ కంపెనీ సర్వర్ మొత్తం నల్లజాబితాకు ఎక్కవచ్చు. ఫ్యాక్టరీ మురుగు వాగులో కలవకముందే శుద్ధి చేయాలన్న సంగతి మన పటాన్‌చెరు ప్రాంతానికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఇదీ అంతే.

మనం చేయవలసింది

దరఖాస్తు పెట్టిన తర్వాత స్పామ్ ఫోల్డర్‌ను కూడా రోజూ చూడండి. మంచి ఉత్తరం అందులో కనిపిస్తే "స్పామ్ కాదు" అని నొక్కండి, జల్లెడ నేర్చుకుంటుంది. ఉద్యోగం ఇస్తామంటూ ముందుగా రిజిస్ట్రేషన్ డబ్బు అడిగే ఉత్తరాన్ని నమ్మకండి. మన ఇళ్ళలో ఆ డబ్బు ఎన్ని రోజుల కూలో మనకు తెలుసు.

కంప్యూటర్ చదువుతున్న తమ్ముళ్ళకు ఒక మాట. పైన చెప్పిన ఉచిత సాఫ్ట్‌వేర్లు పాత కంప్యూటర్‌లో లైనక్స్ వేసుకుని కూడా నేర్చుకోవచ్చు. ఫీజు లేదు, ఓపిక ఉంటే చాలు. జల్లెడ పట్టడం వచ్చినవాడికి పని దొరుకుతుంది.