ఒకే బొగ్గు, రెండు పుస్తకాలు

రామగుండంలో మే నెల ఎండ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ ఎండలో వాతావరణ మార్పు మాటెత్తితే, "భూమి ఎప్పుడూ మారుతూనే ఉంది కదా, ఇప్పుడేం కొత్త?" అనేవాళ్లు ఎదురవుతూనే ఉంటారు. మాటలో నిజముంది. దానికి సాక్ష్యం వాళ్ల కాళ్ల కిందే ఉంది. కాకపోతే ఆ సాక్ష్యాన్ని చివరిదాకా వినాలి.

ఇక్కడి గోదావరిఖని బాయిల్లో, అంటే బొగ్గు గనుల్లో, సీమ్‌లను (బొగ్గు పొరలను) పైనుంచి కిందికి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడతారు. ఈ బొగ్గు పెర్మియన్ కాలానిది. వయసు 25 కోట్ల ఏళ్లకు పైమాటే. సీమ్‌లన్నిటికీ అడుగున తాల్చేరు పొరలున్నాయి. వాటిలో బొగ్గు ఉండదు. ఉండేది హిమానీనదాలు ఈడ్చుకొచ్చి వదిలేసిన గుండ్లూ, మట్టీ. అంటే సింగరేణి బొగ్గు కథ మంచుతో మొదలైంది! అప్పట్లో మన నేల ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో కలిసి, దక్షిణ ధ్రువం వైపు ఉండేది. మంచు వెనక్కి తగ్గాక చిత్తడి నేలల్లో గ్లోసోప్టెరిస్ చెట్లు పెరిగాయి. ఆ అడవులే కూలి, పూడి, బొగ్గయ్యాయి. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ చనిపోయిన కెప్టెన్ స్కాట్ బృందం చివరిదాకా వదలకుండా లాక్కొచ్చిన 16 కిలోల రాళ్లలోనూ ఆ చెట్టు ఆకుల అచ్చులే ఉన్నాయి.

ఇలాంటి గుర్తులన్నీ పోగేసి, పాతకాలపు శీతోష్ణస్థితులకు పటాలు గీసిన పుస్తకం 1924లో జర్మన్ భాషలో వచ్చింది. రాసినవాళ్లు వ్లాదిమిర్ కెప్పెన్, ఆయన అల్లుడు ఆల్ఫ్రెడ్ వెగెనర్. ఉప్పు, జిప్సం పొరలుంటే అక్కడ ఎడారి, గీతలుపడిన గుండ్లుంటే మంచు, బొగ్గుంటే తడి. ఖండాలు ఇప్పుడున్నచోటే ఎప్పుడూ ఉన్నాయనుకుంటే ఈ గుర్తులకు పొంతన కుదరదు. ఖండాలను దగ్గరకు చేర్చి చూస్తే అవన్నీ వరసగా పట్టీల్లా అమరిపోతాయి. వాతావరణ మార్పు పుస్తకాలంటే ఈమధ్య వచ్చిన హెచ్చరికలే గుర్తొస్తాయి గానీ, నన్నడిగితే చదవడం ఇక్కణ్నుంచే మొదలుపెట్టాలి.

రెండో పుస్తకం ఇంకా పాతది. రసాయన శాస్త్రంలో నోబెల్ అందుకున్న స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటె అర్హీనియస్ 1906లో మామూలు పాఠకుల కోసం రాశాడు. బొగ్గు కాల్చడం వల్ల గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి భూమి వేడెక్కుతుందన్నది అందులో ఒక సంగతి. ఈ వాయువు ఎండను లోపలికి రానిస్తుంది, నేల నుంచి తిరిగి పైకి పోయే వేడిని మాత్రం పట్టి ఉంచుతుంది. అర్హీనియస్‌కు దీని మీద దిగులేమీ లేదు. చలిదేశాలకు మంచిరోజులొస్తాయని సంతోషించాడు. రామగుండంలో ఒక్క వేసవి గడిపి ఉంటే ఆ పేజీ తిరగరాసేవాడేమో.

లెక్క చూడండి. 12 కిలోల కార్బన్ కాలితే 32 కిలోల ఆక్సిజన్‌ను కలుపుకొని 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. టన్నులో 400 కిలోలే కార్బన్ అనుకున్నా, పొగగొట్టంలోంచి దాదాపు 1,470 కిలోల వాయువు పోతుంది. సింగరేణి సంస్థ 2023–24లో తవ్వింది సుమారు 7 కోట్ల టన్నులు.

ఇక "ఎప్పుడూ మారుతూనే ఉంది" అన్న మాటకొద్దాం. తాల్చేరు మంచు నుంచి బొగ్గు అడవుల దాకా రావడానికి లక్షల ఏళ్లు పట్టింది. చెట్లకు అలవాటుపడే వ్యవధి దొరికింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఒకటిన్నర రెట్లు కావడానికి మూడు వేల ఏళ్లు పడుతుందని అర్హీనియస్ మొదట్లో అంచనా వేశాడు. పుస్తకం రాసేనాటికి దాన్ని కొన్ని శతాబ్దాలకు కుదించాడు. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280గా ఉన్న ఆ వాయువు ఇప్పుడు 420 దాటింది. ఆ పెరుగుదలలో నాలుగింట మూడు వంతులు 1958 తర్వాతిదే. గోదావరిఖనిలో బాయిలు మొదలైందీ ఆ రోజుల్లోనే.

ఇక ఇప్పటి సంగతి. రామగుండం జలాశయం మీద ఎన్టీపీసీ నీటిపై తేలే 100 మెగావాట్ల సోలార్ కేంద్రం 2022 జులైలో పూర్తయింది. మరుసటి ఏడాదే అదే రామగుండంలో 800 మెగావాట్ల కొత్త బొగ్గు యూనిట్‌ను ప్రధాని జాతికి అంకితం చేశారు.